మా చెల్లెలి సైకిలు ముందు చక్రం

మా చెల్లె సైకిలు కొన్నదన్న సంగతి నాకు మా ఆయన ఫోనులో ఫోటో చూస్తే తెలిసింది. చెల్లె భూపాలపల్లిలో దవాఖాన నర్సు. షుగరు వచ్చింది, రోజూ నడవమని డాక్టరు చెబితే, నడక విసుగని గేర్ల సైకిలు కొనుక్కుంది. నలభై ఏడేళ్ళ మనిషి నెత్తిన గట్టి టోపీ పెట్టుకుని, చేతులకు గ్లౌజులు తొడుక్కుని, పత్తి చేను పక్కన నిలబడి నవ్వుతోంది. మా ఆయన ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి మరీ చూశాడు. "మీ చెల్లె మస్తు హుషారున్నదే!" అన్నాడు. నేను అప్పుడు ఎవరిదో పెళ్ళి జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. సూది నా వేలిలో దిగింది.

జనగామలో మా ఇంటి ముందు గదే నా దుకాణం. ఇరవై ఏళ్ళుగా అక్కడే కూర్చుని జాకెట్లు కుడుతున్నాను. మా గల్లీ ఆడవాళ్ళ భుజాల కొలతలు టేపు పట్టకుండా చెప్పగలను. అయినా నన్నెవరూ ఎప్పుడూ హుషారు అనలేదు. ఓపిక ఎక్కువ అంటారు. ఓపిక అంటే ఏముంది, మా ఇంట్లో కుర్చీకి కూడా ఉంది.

నిజానికి చెల్లెకు సైకిలు నేర్పింది నేనే. నేర్పానంటే నాకు వచ్చని కాదు. మా చిన్నప్పుడు గంట లెక్కన అద్దెకు సైకిళ్ళిచ్చే దుకాణం ఉండేది. చెల్లె ఎక్కితే నేను వెనక క్యారేజీ పట్టుకుని ఉరికేదాన్ని. దానికి కుదురు చిక్కింది, ఇక నా వంతు అనుకుంటున్న రోజుల్లోనే నాకు ఓణీ వేశారు. ఓణీ పిల్లకు సైకిలేంటని నాయిన వద్దన్నాడు. నాలుగేళ్ళ తర్వాత చెల్లెకూ ఓణీ వేశారు గానీ దాన్ని మాత్రం ఎవరూ సైకిలు దిగమనలేదు. అప్పటికి కాలం మారిందో, నాయినకే చెప్పే ఓపిక పోయిందో నాకు తెలియదు. ఇంట్లో ఎవరినీ అడగలేదు కూడా.

సైకిలు కొన్న నెలకే దాని ముందు చక్రం పోయింది. చెల్లె కూరగాయల మార్కెట్టు ముందు సైకిలు ఆపి, వెనక చక్రాన్నీ కరెంటు స్తంభాన్నీ కలిపి గొలుసు తాళం వేసి లోపలికి పోయింది. ఈ కొత్త సైకిళ్ళకు ముందు చక్రం విప్పడానికి పానా కూడా అక్కర్లేదట. ఇరుసు పక్కన చిన్న మీట ఉంటుంది. దాన్ని తిప్పి నాలుగు చుట్లు వదులు చేస్తే చక్రం చేతిలోకి వచ్చేస్తుంది. పంక్చరైతే సులువుగా ఉండాలని అలా పెట్టారట. ఆ సులువు దొంగక్కూడా కలిసొచ్చింది. చెల్లె బెండకాయల సంచితో బయటికి వచ్చేసరికి సైకిలు ముందుకాళ్ళు మడిచి కూలబడిన ఎద్దులా నేలమీద వంగి ఉంది.

ఆ ఫోటో కూడా ఫోనులోకి ఎక్కింది. ఇక చూడాలి మా చుట్టాల సానుభూతి. మేనత్త ఫోను చేసి ఏడ్చినంత పని చేసింది. ఎప్పుడూ పలకరించని మా మేనబావ కూడా కొత్త చక్రం ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని చెప్పాడు. అంతకుముందు నెలలో నా మిషను మోటారు కాలిపోయి, పెళ్ళిళ్ళ సీజనులో వారం రోజులు కాలితో తొక్కి కుట్టాను. అప్పుడు ఒక్కరన్నా అయ్యో అన్నారా? నేనూ తొక్కినదాన్నే కదా! పోయిన చక్రం మీద కూడా ఒక మనిషికి కుళ్ళు పుడుతుందంటే నవ్వొస్తుంది గానీ, నాకు పుట్టింది.

కొత్త చక్రం వచ్చాక చెల్లె ఒక పద్ధతి పెట్టుకుంది. ఎక్కడ ఆపినా వెనక చక్రం, సైకిలు కడ్డీ, ఏదో ఒక స్తంభం మూడూ కలిసేటట్టు గొలుసు తాళం వేస్తుంది. ముందు చక్రం విప్పి తన వెంట తీసుకుపోతుంది. దవాఖానలో డ్యూటీ గది మూల, ఇంట్లో మంచం పక్కన, బ్యాంకులో తన కాళ్ళ దగ్గర ఆ చక్రం ఉండాల్సిందే. చంటిబిడ్డ తల్లికి కూడా అంత ధ్యాస ఉండదని దాని మొగుడు ఎగతాళి చేసేవాడు. దాన్ని పరాయి వాళ్ళెవరి చేతికీ ఇచ్చేది కాదు. నేను పక్కన ఉంటే మాత్రం నాకే ఇచ్చేది. "మా అక్క చేతుల వెడితే బీరువల వెట్టినట్టే" అని నలుగురిలో చెప్పేది. చెల్లెను చూస్తే కడుపు రగిలే నాకు ఆ ఒక్క మాట మాత్రం చాలా ఇష్టంగా ఉండేది. ఇంకోసారి అంటుందేమోనని చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని. మా ఇద్దరి మధ్య నా సొంతమని చెప్పుకోవడానికి ఆ నమ్మకం ఒక్కటే మిగిలింది.

రేగొండలో మా పెదనాయిన మనవరాలి పెళ్ళయింది. మేం జనగామ నుంచి కారులో పోయాం. నేను ఆకుపచ్చ పట్టుచీర కట్టుకున్నాను. జాకెట్టు చేతులకు మగ్గం పని నాలుగు రోజులు కూర్చుని నేనే చేసుకున్నాను. ఫంక్షన్ హాలు మెట్ల దగ్గర ఇద్దరు ముగ్గురు దాన్ని పట్టుకుని చూస్తున్నారు. అంతలో గేటులోంచి చెల్లె సైకిలు మీద వచ్చింది. భూపాలపల్లి నుంచి తొక్కుకుంటూ వచ్చిందట. పట్టుచీర వీపు సంచిలో మడతపెట్టి తెచ్చుకుంది. జాకెట్టు చూస్తున్న వాళ్ళు నా చేయి అలాగే వదిలేసి అటు ఉరికారు. పెళ్ళికొడుకు ఊరేగింపు వచ్చినప్పుడు కూడా అంత మంది గుమిగూడలేదు.

చెల్లె మామూలుగానే గేటు కడ్డీకి తాళం వేసింది. ముందు చక్రం విప్పి నా చేతిలో పెట్టింది. "అక్కా, గిది జర చూడు. చీర కట్టుకొని వస్త" అంది. నేనూ వెంట పోతే, లోపల నా కుచ్చిళ్ళు వదులయ్యాయని తనే కూర్చుని సర్ది పిన్ను కూడా పెట్టింది. చక్రం ఎక్కడ పెట్టాలా అని నేను ఆలోచించాను. మా వైపు పెళ్ళిళ్ళలో తెలివిగల వాళ్ళెవరూ చెప్పులు రెండూ ఒక్కచోట విడవరు. ఎడమ కాలిది ఈ తలుపు దగ్గర, కుడి కాలిది ఆ తలుపు దగ్గర వదులుతారు. జత దొరక్కపోతే దొంగ ముట్టుకోడు. చక్రానికీ అదే తీరు మంచిదనుకున్నాను. సైకిలు ముందు గేటు దగ్గర ఉంది కాబట్టి చక్రాన్ని హాలు వెనక, వంటవాళ్ళు వండిన పెద్ద గంజులు కడిగే చోట గోడకు ఆనించి వచ్చాను.

నా తెలివి గురించి అంతవరకే చెబితే అబద్ధమవుతుంది. అందరూ కూర్చునే హాల్లో ఆ చక్రం పెట్టుకుంటే వచ్చినవాళ్ళందరూ దాన్ని గురించే అడుగుతారు. నేను చెల్లె గొప్పలు చెప్పుకుంటూ కూర్చోవాలి. అది నాకు కనబడకుండా ఉంటే బాగుండు అనిపించింది.

భోజనాలైపోయాయి. మధ్యాహ్నం ఎండ ఇంకా దిగలేదు. చేయి కడుక్కోవడానికి నేను వెనక్కి పోయాను. అక్కడ వంటవాళ్ళు సామాను వ్యానులోకి ఎక్కిస్తున్నారు. పెళ్ళికూతురు తల్లిది దంతాలపల్లి. అందుకని వంటవాళ్ళను అక్కడి నుంచే తెప్పించారు. వాళ్ళు గంజులు, గంటెలు, పొయ్యిలతో పాటు ఒక చాట్ బండి కూడా తెచ్చుకున్నారు. ఈ మధ్య పెళ్ళిళ్ళలో రంగులు వేసి, సైకిలు చక్రాలు బిగించి పెడుతున్నారే, అలాంటిది. దాన్ని విప్పి ముక్కలు ముక్కలుగా ఎక్కిస్తున్నారు. ఒక వంటామె గోడ దగ్గర ఉన్న చక్రం తీసింది. అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆమె చూపులో అడిగినట్టే ఉంది.

గిది మాది అనడానికి ఎంత సేపు పడుతుంది? నా నోరు ఊరుకుంది. కొళాయి తిప్పి ఇంకోసారి చేతులు కడుక్కున్నాను. ఆమె చక్రాన్ని గంజుల మీద పెట్టి తాడు బిగించింది. వ్యాను గేటు దాటేదాకా నేను అక్కడే నిలబడ్డాను. భయం వెయ్యలేదు. పైగా కడుపులో చల్లగా అనిపించింది. ఇన్నేళ్ళకు అదీ సైకిలు దిగింది, ఇక ఈ పూట అందరిలా ఆటోలో ఇంటికి పోతుందని అనుకున్నాను.

"అక్కా, చక్రమేది?" అంటూ చెల్లె బట్టలు మార్చుకుని వచ్చింది.

"గోడకు వెట్టిన గదే! గిప్పుడే చూసిన" అన్నాను.

అందరూ వెతికారు. నేనూ వెతికాను. బల్లల కింద వంగి చూశాను, కుర్చీల వెనక చూశాను, మగపెళ్ళివారి గదిలో కూడా అడిగాను. లేని చోట వెతకడంలో ఆ రోజు నన్ను మించినవాళ్ళు లేరు. నాకు చెమటలు పట్టాయి. అవి చూసి చెల్లె నా చేయి పట్టుకుంది. "పోనియ్ అక్కా. నువ్వు పరేషాన్ గాకు. నేనే నీకు పని వెట్టిన" అంది. సైకిలును ట్రాలీ ఆటోలో వేసుకుని పోయింది. అది నన్ను తిట్టి ఉంటే అక్కడికక్కడే తిరిగి తిట్టి నిజం కక్కేసేదాన్నేమో.

రెండు రోజులు నాకు మిషను మీద చేయి నిలవలేదు. ఒకామె జాకెట్టుకు మెడ ముందుది వెనక, వెనకది ముందు కత్తిరించాను. మూడో రోజు ఇక ఆగలేక చెల్లెకు ఫోను చేశాను. అప్పుడే తట్టినట్టు గొంతు పెట్టి, "ఏమే, వంటోళ్ళ వ్యాన్ల పొయ్యిందేమో! వాళ్ళ చాట్ బండికి గుడ గసొంటి చక్రాలే ఉన్నయి" అన్నాను. చెల్లె సరేనంది. పెళ్ళివారి దగ్గర నంబరు తీసుకుని వంటామెతో మాట్లాడి సాయంత్రం తిరిగి ఫోను చేసింది.

"దొరికింది అక్కా. దంతాలపల్లిల వాళ్ళింట్లనే ఉన్నదట" అంది. కాసేపాగి, "నాకు లీవు దొరకది. నువ్వు వోయి తెస్తవా?" అని అడిగింది.

"తెస్త" అన్నాను. బరువు దిగినట్టయింది. పోయినదాన్ని నేనే తెచ్చిస్తే నేనే గొప్పదాన్నవుతానని కూడా అనుకున్నాను. సిగ్గులేనితనానికి హద్దేముంది?

మరునాడు పొద్దున్నే బస్సెక్కి తొర్రూరులో దిగి, ఇంకో బస్సు మారి దంతాలపల్లి చేరాను. వంటామె ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో గంజులు బోర్లించి ఆరబెట్టి ఉన్నాయి. చక్రం గూట్లో శుభ్రంగా తుడిచి పెట్టి ఉంది. నన్ను చూడగానే ఆమె నవ్వి కుర్చీ వేసింది.

"నువ్వే గద అక్కా, గా దినం నల్లకాడ చేతులు కడుక్కుంట నిలవడ్డది?" అంది.

నేను నీళ్ళ గ్లాసు అందుకుంటున్నాను.

"మీ చెల్లె ఫోన్ల అడిగితే గదే చెప్పిన. మేం దొంగలం గాదమ్మా, ఆకుపచ్చ పట్టుచీరామె చూస్తాంగనే ఎక్కిచ్చినం. చేతులకు మగ్గం పని జాకిటున్నది. నీది గాదా అన్నట్టు నేను మొకం దిక్కు చూసిన గుడ. ఆమె ఏమనలే. అందుకే మా బండిదే అనుకున్న అని చెప్పిన."

"దానికి మా చెల్లె ఏమన్నది?"

"ఏమనలే. ఎవరన్నొకరు వచ్చి తీస్కపోతరు అన్నది."

ఆ ఆకుపచ్చ చీర కుచ్చిళ్ళకు పిన్ను పెట్టింది చెల్లే. ఇక దానికి ఆనవాలు వేరే ఏం కావాలి? నన్ను ఇక్కడికి పంపిస్తున్నప్పుడే దానికి అంతా తెలుసు. లీవు దొరకది అనే ముందు కాసేపు ఆగింది ఎందుకో అప్పుడు అర్థమైంది. వంటామె ఇచ్చిన టీ అక్కడే పెట్టేశాను. చక్రం తీసుకుని బయటపడ్డాను.

హన్మకొండ పోయే బస్సులో చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటులో కాలేజీ పిల్ల ఒకతి చక్రంలోని సన్నని ఇనుప ఆకులు వేలితో మీటి చూసింది. "ఆంటీ, గేర్ల సైకిల్ దా? మీరే తొక్కుతరా?" అని అడిగింది.

"తొక్కుత" అన్నాను.

అంతటితో ఆగానా! రేగొండ దాకా పెళ్ళికి తొక్కుకుంటూ పోయానని, పట్టుచీర సంచిలో పెట్టుకున్నానని, అందరూ నోళ్ళు తెరిచి చూశారని కూడా చెప్పాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని, "మస్తు హుషారున్నరు ఆంటీ" అంది. ఇన్నేళ్ళుగా నేను కోరుకున్న మాట చివరికి వినబడింది. అది కూడా చెల్లె దగ్గర దొంగిలించిందే. ఆ పిల్ల దిగిపోయాక చీర కొంగు ముఖం మీద కప్పుకుని నిద్రపోతున్నట్టు కూర్చున్నాను.

భూపాలపల్లి చేరేసరికి చెల్లె డ్యూటీ నుంచి వచ్చి ఉంది. చక్రం అందుకుని, తిప్పి చూసి, సైకిలుకు బిగించి మీట నొక్కింది. నాకు అన్నం పెట్టింది. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని ప్రతి ముద్దకూ ఎదురుచూశాను. అడిగితే కాళ్ళ మీద పడటానికి కూడా సిద్ధంగానే ఉన్నాను.

"బస్సుల సీటు దొరికిందా అక్కా?" అని మాత్రం అడిగింది.

దొరికిందన్నాను. నేనే చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ గోడ మీద దాని ఫోటో వేలాడుతోంది, టోపీతో, గ్లౌజులతో. దాన్ని చూస్తూ తప్పు ఒప్పుకోవడానికి నాకు మనసొప్పలేదు. అసూయ అంత పాడుది. క్షమాపణ నాలుక మీద ఉన్నా దాన్ని బయటికి రానివ్వలేదు.

తర్వాత మా మధ్య రాకపోకలకేమీ లోటు రాలేదు. ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం. తన జాకెట్లు నాకే పంపుతోంది, కొలతలు నాకే వదిలేస్తోంది. అంతా మామూలే కదా, మరచిపోయి ఉంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను.

కార్తీకంలో అందరం కాళేశ్వరం పోయాం. మేం కారులో పోయేసరికే చెల్లె తెల్లవారకముందు బయలుదేరి సైకిలు మీద చేరుకుంది. గోదావరిలో స్నానాలు చేసి గుడి దగ్గరికి వచ్చాం. తోవ పక్కన ఇనుప కంచెకు వెనక చక్రాన్నీ కడ్డీనీ కలిపి చెల్లె తాళం వేసింది. మీట తిప్పి ముందు చక్రం విప్పింది. నాకు మోకాళ్ళు నొస్తున్నాయి, దర్శనం తర్వాత చేసుకుంటాను, మీరు పోయి రండి అని నేను అప్పటికే అందరికీ చెప్పి అరుగు మీద కూర్చున్నాను. చక్రం కోసం రెండు చేతులూ చాపాను.

చెల్లె నా చేతులను చూసింది. చూడనట్టు నటించలేదు. నా ముందునుంచే నడిచి, అవతల గోనెసంచి పరుచుకుని కొబ్బరికాయలు అమ్ముకుంటున్న ముసలామె దగ్గర వంగింది.

"అవ్వా, దీన్ని జర చూస్తవా? దర్శనం జేస్కొని వస్త."

"వెట్టు బిడ్డా" అంది ఆమె. చక్రాన్ని తన పక్కన కాయల బుట్టకు ఆనించుకుంది. బేరం చేస్తున్నప్పుడు కూడా ఒక చేయి దాని మీద నుంచి తీయలేదు.

చెల్లె లోపలికి పోయింది. దర్శనానికి గంట పైనే పట్టింది. నేను అరుగు మీద, ఆ ముసలామె నా ఎదురుగా కూర్చుని ఉన్నాం. నన్ను ఎవరూ ఏ పనీ చెయ్యమనలేదు. టోపీ ఫోటో చూసి కుళ్ళుకున్నాను, పోయిన చక్రానికి కుళ్ళుకున్నాను, చుట్టాలు అన్న అయ్యోలకు కుళ్ళుకున్నాను. కానీ ముక్కూ ముఖం తెలియని ఆ కొబ్బరికాయల ముసలామెను చూసి ఆ గంటసేపు నేను కుళ్ళుకున్నంతగా ఈ జన్మలో ఎవరినీ చూసి కుళ్ళుకోలేదు.